కొమ్ముల సైకిలు, ఎర్ర బనియను

ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్డు మీద రంగురంగుల బనియన్లు వేసుకుని సైకిళ్లు తొక్కే పిల్లలూ, మీరు నన్ను చూసే ఉంటారు. రుషికొండ దగ్గర టీ బడ్డీ పక్కన, పాత నీలం సైకిలుకి ఆనుకుని నిలబడే ముసలాణ్ణి నేనే. మీలో ఎవరో ఒకరు ప్రతి వారం అడుగుతారు, "అంకుల్, రోడ్ బైక్ స్పీడా, హైబ్రిడ్ స్పీడా? ఏది కొనమంటారు?" అని. నేను "టీ తాగండి, చెప్తాను" అంటాను. మీరు టీ తాగేసి, నేను గొంతు సవరించుకునేలోగా వెళ్లిపోతారు. మీకు తొందర. నాకేమో ఆ జవాబు ఒక్క ముక్కలో చెప్పడం రాదు. అందుకే రాసి పెడుతున్నాను.

నేను ఉక్కు ఫ్యాక్టరీలో, బొగ్గు యార్డు దగ్గర కన్వేయర్ల మెయింటెనెన్సులో పని చేసి రిటైరయ్యాను. ఓడల్లో పోర్టుకి దిగిన బొగ్గు మా యార్డుకి వచ్చేది. అక్కడి నుంచి లోపలికి రబ్బరు బెల్టుల మీద పోయేది. ఆ బెల్టులు ఈ ఊరి నుంచి ఆ ఊరికన్నట్టు ఉంటాయి. వాటి పక్కనే సిమెంటు బాట. షిఫ్టులో ఒకడు ఆ బాట వెంట సైకిలు తొక్కుకుంటూ, ఎక్కడ రోలరు కీచుమంటోంది, ఎక్కడ బెల్టు పక్కకి జరుగుతోంది అని చెవులు రిక్కించుకుని తిరగాలి. కాబట్టి సైకిలు మాకు ఇంటికి పోయే బండి మాత్రమే కాదు, సుత్తీ స్పానరూ లాగా పనిముట్టు. ఎవడు బాగా తొక్కుతాడన్నది మా షాపులో, అంటే మా మెయింటెనెన్సు విభాగంలో, చిన్న సంగతి కాదు.

మా ఫోర్మన్ గారు గోదావరి జిల్లా మనిషి. అన్ని రోగాలకీ ఆయన దగ్గర ఒకటే మందు: "మార్చి చూద్దామండి." ఒకసారి పక్కపక్కనే ఉన్న రెండు గేర్‌బాక్సుల్లో ఎడమ వైపుది చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుండేది. ఆయిలుది తప్పని ఒకడు, బేరింగుది తప్పని ఇంకొకడు, అసలు కొన్నవాడిదే తప్పని మరొకడు. వాదించుకుని వాదించుకుని మేమూ వేడెక్కాం. ఫోర్మన్ గారు వచ్చి ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్పించారు. ఇంకొక్క బోల్టు కూడా ముట్టుకోనివ్వలేదు. "వేడి గేర్‌బాక్సుతో పాటు కుడికి పోతే తప్పు గేర్‌బాక్సుది. పోకుండా ఇక్కడే కూర్చుంటే తప్పు ఈ చోటుదండి" అన్నారు. వేడి ఎడమ వైపే కూర్చుంది. తవ్వి చూస్తే కింద పునాది ఓ పక్కకి కుంగి ఉంది. ఆ రోజు ఆయన తెలివిని నేను షాపంతా చాటాను. అదే మందు ఒకనాడు నా గొంతులో పోస్తారని నాకేం తెలుసు!

ఏటా ఫ్యాక్టరీ ఆటల పండగలో సైకిలు పందెం జరిగేది. షాపుకి ఒక్కడే పోవాలి. మా షాపు తరఫున పోయేవాడికి ఒక ఎర్ర బనియను ఉండేది. షాపు మొత్తానికీ అదొక్కటే. అది వేసుకున్నవాడి ఇంట్లోనే ఏడాది పొడుగునా ఉండాలని ఆనవాయితీ. తొంభైల్లో ఆ బనియను మొదటిసారి తొడుక్కున్నది నేనే. తర్వాత అది మా గుమ్మం దాటలేదు. మా ఆవిడ దాన్ని పట్టుచీరల మధ్య దాచేది, ఉతికితే నీడనే ఆరేసేది. రంగు వెలిసి ఇటుక రంగుకి తిరిగింది కానీ మాకు అది ఎర్ర బనియనే. పందెంలో నేను మూడో స్థానం దాటి ముందుకి ఎప్పుడూ పోలేదు. అయినా ఆ బనియను నాదే. ఎందుకంటే మా షాపులో నన్ను దాటినవాడు లేడు.

రెండువేల సంవత్సరం దాటాక నేను గేర్ల సైకిలు కొన్నాను. మీరు ఇప్పుడు హైబ్రిడ్ అంటున్నది అదే. తిన్నటి హ్యాండిలు, మరీ లావూ మరీ సన్నమూ కాని టైర్లు, నీలం రంగు. మా అమ్మాయి వెనక మడ్‌గార్డు మీద చిలక బొమ్మ అంటించింది. ఆ మడ్‌గార్డుకి చిన్న జబ్బు ఉండేది. చక్రం తిరిగినప్పుడల్లా టిక్కు, టిక్కు మని చప్పుడు. ఎంత బిగించినా పోలేదు. షెడ్డులో ఎవడైనా నా సైకిలు కదిపితే లోపలున్న నాకు తెలిసిపోయేది. జీవితమంతా చప్పుళ్లు విని జీతం తీసుకున్నవాణ్ణి. మా షాపులో మొదటి గేర్ల సైకిలు అది. రెండు నెలలు నేను నేల మీద నడవలేదంటే నమ్మండి.

అప్పుడు వాడొచ్చాడు. మా ఇద్దరిదీ ఒకే బ్యాచి, ఒకే వయసు. వాడు ఇన్నాళ్లూ మా ఫ్యాక్టరీలోనే రోలింగు మిల్లులో పని చేసి, బదిలీ మీద మా షాపుకి వచ్చాడు. భీమిలి దగ్గర సముద్రం మీదికి వేటకి పోయే కుటుంబం వాడిది. వాళ్ల తమ్ముడు పోర్టులో పని చేస్తూ ఎవరో విదేశీ నావికుడి దగ్గర ఒక పాత సైకిలు కొని అన్నకి ఇచ్చాడట. సన్నటి టైర్లు, చిటికెన వేలితో ఎత్తగలిగే బరువు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. మీ రోడ్ బైక్ అదే. మేం మాత్రం కొమ్ముల సైకిలు అనేవాళ్లం.

మొదటి రోజే షెడ్డు దగ్గర గుంపు. నిన్నటిదాకా నా గేర్లు లెక్కపెట్టినవాళ్లే దాని చుట్టూ మూగారు. ఒకడు నా వైపు తిరిగి, "ఏటి బావా, నీ నీలం గుర్రం ఇంక ముసిల్దైపోయినట్టేనా?" అన్నాడు. నవ్వాను. లోపల మాత్రం కారం కొట్టినట్టు అయింది.

అసూయ ఎక్కడి నుంచి మొదలవుతుందో చెప్పలేం కానీ ఎక్కడా ఆగదు. వాడి సైకిలుతో మొదలై, వాడి మీదికి పాకింది. నేను షెడ్డుకి వచ్చేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేవి, వాడికి నుదురు కూడా తడిసేది కాదు. మా ఫ్యాక్టరీ వాళ్ల సైకిళ్లన్నిటికీ సీటు కిందికే ఉండేది. గేటు దగ్గర పాసు చూపించాలంటే దిగకుండా ఒక కాలు నేలకి ఆనించాలి కదా, ఆ అలవాటు. కొత్త సైకిలుకి కూడా నేను అలాగే దించేసుకున్నాను. వాడి సీటు హ్యాండిలు కంటే ఎత్తు. గేటు దగ్గర దిగి, నడిపించుకుంటూ వచ్చేవాడు. ఇన్నేళ్లలో నా మొహం వైపు ఒక్కసారి సరిగా చూడని సెక్యూరిటీ గార్డు వాడికి సెల్యూట్ కొట్టి, సైకిలు బెల్లు మోగించి చూసేవాడు. చివరికి ఒకనాడు మా ఆవిడ కూడా, "ఆయన సైకిలు మీద పోతంటే గాల్లో ఎగిరినట్టుంటాది" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఇంకో సంగతి. వాడికి నా మీద పిసరంత అసూయ లేదు. నాకు మరీ కడుపు మండింది అందుకే. కనిపించినప్పుడల్లా ఎదురొచ్చేవాడు.

"బావా, ఓపాలి తొక్కి సూడు. నాను పట్టుకుంటాను."

"నాకక్కర్లేదు. నడుం పట్టేస్తాది ఆ కొమ్ముల మీద ఒంగితే."

"అలవాటైపోద్ది బావా. నువ్వు తొక్కితే ఇంక సూసుకో, ఎవుడూ అందుకోనేడు."

ఎగతాళి చేసి ఉంటే బాగుండేది. మనస్ఫూర్తిగా అంటున్నాడు.

ఆటల పండగ దగ్గరికొచ్చింది. క్యాంటీన్లో రెండు పార్టీలయ్యాయి. కొమ్ముల సైకిలే వేగమని ఒక బల్ల, గేర్ల సైకిలు ఏం తక్కువని ఒక బల్ల. నేను టీ గ్లాసు బల్ల మీద కొట్టి, అందరూ వినేలా అన్నాను: "స్పీడు కాళ్లలో ఉంటాది గానీ కొమ్ముల్లో ఉంటాదేటి? సైకిల్దేటుంది, ఏ సైకిలైనా ఒకటే." నా పార్టీ చప్పట్లు కొట్టింది. పక్క బల్ల దగ్గర ఫోర్మన్ గారు ఇడ్లీ తింటూ తలెత్తి చూశారు. మళ్లీ ఇడ్లీ మీద పడ్డారు. ఆయనకి ఏదీ మర్చిపోయే అలవాటు లేదని నేను మర్చిపోయాను.

ఎర్ర బనియను ఎవరికన్నది తేల్చడానికి ఆదివారం పొద్దున్నే పోటీ పెట్టారు. రుషికొండ నుంచి భీమిలి దాకా. ముందు చేరినవాడికి బనియను. ఆటోనగర్లో తెలిసినవాడి ట్రాలీ ఆటోలో సైకిళ్లు ఎక్కించుకుని వచ్చాం. ఫోర్మన్ గారు స్కూటరు మీద మా వెనక, న్యాయం చెప్పడానికి. బయల్దేరే ముందు మా ఆవిడ బనియను మడిచి నా సంచిలో పెట్టింది, ఎలాగూ నాదే కదా అని.

పోటీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మొదటి మలుపు దాకా వాడి వీపు కనిపించింది. తొట్లకొండ ఎత్తు ఎక్కేసరికి అదీ లేదు. సరుగుడు చెట్లు, సముద్రం, నేను. మంగమారిపేట దగ్గర వలలు బాగు చేసుకుంటున్న ఒకాయన్ని, "ఇటు ఒకడు ఎల్లినాడా?" అని అడిగితే, "ఎప్పుడో ఎల్లిపోనాడు గదా" అన్నాడు. ఆ 'ఎప్పుడో' అన్న మాట నాకు గుచ్చుకుంది.

భీమిలి చేరేసరికి వాడు అప్ప అని పిలిచే వాళ్లక్క ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ నాకు చెంబుతో నీళ్లిచ్చి, ఎగాదిగా చూసి అంది:

"నువ్వేనా ఆ బావవి? ఈడు నిన్నెప్పుడూ తలుస్తాడు. ఆ రోజుల్లో డూటీకెల్లినప్పుడు రోజూ నీ ఎనకే తొక్కీవోడంట. నీ ఎనకుంటే గాలి తగల్దంట, సులువంట."

వాడు సిగ్గుపడుతూ నవ్వాడు. "అవును బావా. నీ ఈపు సూసే నేర్సుకున్నాను. నీకు తెల్దు."

నిజంగానే నాకు తెలియదు. తొంభైల్లో గాజువాక వైపు నుంచి సైకిళ్లు బారులు బారులుగా ఫ్యాక్టరీకి పోయే రోజుల్లో, ఎదురుగాలికి నేను ఎదురీదుతుంటే, వీడు నా వీపు చాటున హాయిగా వచ్చేవాడన్నమాట! వేరేవాడైతే పొంగిపోయేవాడు. నాకు ఒళ్లు మండింది. గాలంతా నేను తిన్నాను, నేర్పంతా వీడు తిన్నాడు అనిపించింది. ఆ మంటలో నోరు జారాను.

"ఇందులో ఈడి గొప్పేటుంది? గొప్పంతా ఆ కొమ్ముల సైకిల్ది. అదే నా కాళ్ల కింద ఉంటేనా!"

ఫోర్మన్ గారు స్కూటరుకి స్టాండు వేసి, మెల్లగా వచ్చారు. "మొన్న క్యాంటీన్లో స్పీడు కాళ్లలో ఉందన్నారు. ఇవాళ సైకిల్లో ఉందంటున్నారు. రెండూ మీరే అన్నారండి. మనకెందుకు వాదన? మార్చి చూద్దాం. ఆయన సైకిలు మీరు తొక్కండి, మీది ఆయన తొక్కుతారు. తిరిగి రుషికొండ దాకా. మీరు ముందుంటే బనియను మీ దగ్గరే ఉంటుంది."

నేను వెంటనే వెళ్లి కొమ్ముల సైకిలు పట్టుకున్నాను. వాడు నా సైకిలు దగ్గరికి పోయి, "సార్, సీటు బాగా కిందికుంది, కాస్త పైకి లేపుకోనా?" అని అడిగాడు.

"కుదరదండి. మార్చేది ఒక్కటే ఉండాలి. ఇంకొక్క బోల్టు ముట్టుకోకూడదు."

నా ఆనందం చెప్పలేను. వాడు నా సైకిలెక్కితే మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి. వాళ్ల అప్ప పక్కున నవ్వింది. నాకేమో కొమ్ముల సైకిలు మీద కాలు నేలకి అందలేదు. ఫోర్మన్ గారే పట్టుకుని నిలబెట్టి, వదిలారు.

పిల్లలూ, ఆ సైకిలు గురించి నిజం చెప్తాను. మొదటి నాలుగు తొక్కులు భయం. చేతులెక్కడ పెట్టాలో తెలియదు, పొట్ట తొడలకి తగులుతోంది. తర్వాత అది పరుగందుకుంది. ఒక తొక్కు తొక్కితే ఎంత దూరం పోయిందో చూసి నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ నేను తొక్కింది సైకిలు కాదు, పిండిమర అనిపించింది. వాణ్ణి ఊరు దాటకముందే దాటేశాను. మంగమారిపేట దగ్గర ఆ వలలాయన తలెత్తి చూస్తే, చెయ్యి ఊపాలనిపించింది కానీ ఆ కొమ్ములు వదిలే ధైర్యం లేదు. రుషికొండలో వాడితో ఏమనాలో కూడా తయారు చేసుకున్నాను. "బాధపడకు బావా, సైకిలు గొప్పదంతే" అనాలి. అలా అని వాడి భుజం తట్టాలి. ఎంత తియ్యగా ఉందో ఆ మాట!

తొట్లకొండ ఎత్తు మొదలైంది. తొక్కు బరువెక్కింది. అప్పుడు వినిపించింది వెనక నుంచి.

టిక్కు. టిక్కు. టిక్కు.

ఆ చప్పుడు నాకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. అది దగ్గరవుతోంది. సీటు మీద నుంచి లేచి తొక్కాను, పళ్లు బిగించి తొక్కాను. చప్పుడు తగ్గలేదు. నా పక్కకి వచ్చింది. వాడు మోకాళ్లు రెండు పక్కలకీ చాపి, చిన్నపిల్లల సైకిలెక్కిన మావయ్యలా ఉన్నాడు. నా వైపు చూసి, ఆయాసం లేకుండా అన్నాడు:

"బావా, మంచి సైకిలే నీది! సక్కగా పోతంది!"

దాటేశాడు. వాడు చేసినట్టే చేద్దామని వాడి వీపు చాటుకి చేరాను. నిజమే, గాలి తగల్లేదు. ఆ సుఖం కాసేపే. నా ముందు చక్రానికీ వాడి వెనక చక్రానికీ మధ్య జానెడు ఉన్నది బారెడైంది, బారెడు పది బారలైంది. నా సైకిలుని వెనక నుంచి నేను ఎప్పుడూ చూసుకోలేదు. ఎలా చూస్తాను, ఎప్పుడూ దాని మీదే ఉంటే! ఆ రోజు చూశాను. ఎర్రటి రిఫ్లెక్టరు, మా అమ్మాయి అంటించిన చిలక, ఎత్తు మీదికి నన్ను విడిచి పోతున్నాయి. వాడి మీద అసూయ నాకు పాతదే. నా సైకిలు మీద నాకే అసూయ కలగడం అదే మొదటిసారి.

దిగుడులో కొమ్ముల సైకిలు మళ్లీ బాణంలా పోయింది. చాలా వరకు అందుకున్నాను. కానీ ఈ టీ బడ్డీ దగ్గర వాడు బ్రేకు వేసేసరికి నేనింకా ఒక లారీ పొడుగు వెనకే ఉన్నాను.

ఫోర్మన్ గారు స్కూటరు దిగి, తీర్పులాగా కాకుండా, మామూలుగా షాపులో చెప్పినట్టే చెప్పారు. "పోయేటప్పుడు మీరు కంటికి కనపడనంత వెనకున్నారు. వచ్చేటప్పుడు ఇంత తేడాయే. కాబట్టి సైకిలు మహిమ ఉందండి, లేదనడానికి లేదు. తక్కినది..." అని ఆపి, టీ చెప్పడానికి వెళ్లారు. తక్కినది ఆయన చెప్పక్కర్లేదు. గేర్‌బాక్సు కుడికి పోయింది, వేడి ఎడమ వైపే కూర్చుంది. సైకిలు మారింది, వెనకబడ్డం మాత్రం నన్ను వదల్లేదు.

ఎదురుగాలి అందామంటే ఇద్దరికీ అదే గాలి. వయసు అందామంటే ఇద్దరిదీ ఒకే వయసు. సీటు అందామంటే నా కిందికున్న సీటు మీద కూర్చునే వాడు గెలిచాడు. టీ చల్లారేదాకా వెతికాను, ఒక్క సాకు దొరకలేదు. మనిషికి అన్నం లేకపోయినా ఓ పూట గడుస్తుంది కానీ సాకు లేకపోతే గడవదు.

సంచిలోంచి బనియను తీసి వాడికిచ్చాను. వాడు పుచ్చుకోలేదు. "నాకెందుకు బావా, ఇది నీది. నువ్వే ఎల్లు" అన్నాడు. ఆ మాట పట్టుకుని బనియను వెనక్కి లాక్కోవాలని నా చెయ్యి ఎంత కొట్టుకుందో చెప్పలేను. ఫోర్మన్ గారు చూస్తున్నారు. "తొడుక్కో" అన్నాను. వాడు చొక్కా విప్పి తొడుక్కుంటున్నంత సేపూ ఒకటే కోరుకున్నాను, బిగుతైపోవాలని, చంకలో పిగిలిపోవాలని. కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. ఇన్నేళ్లూ నాకే కాస్త వదులుగా ఉండేది.

ఆ ఏడు పందెంలో వాడు రెండోవాడిగా వచ్చాడు. నేను గట్టున నిలబడి గొంతు చించుకుని అరిచాను. అరుస్తూనే, ఆ సన్నటైరు పంక్చరైతే బాగుండునని కూడా అనుకున్నాను. రెండూ నిజమే. ఇంటికొస్తే మా ఆవిడ పట్టుచీరలు సర్దుతోంది. మధ్యలో ఖాళీ అలాగే వదిలింది, ఇంకే చీరా పెట్టలేదు.

వాడు రిటైరయ్యాక భీమిలిలోనే ఉంటున్నాడు. ఆదివారం మీ గుంపులతో పాటు తెల్లజుట్టాయన ఒకడు కొమ్ముల సైకిలు మీద ఈ టీ బడ్డీ ముందు నుంచి పోతూ, "బావా!" అని కేకేస్తాడే, వాడే. నా మోకాళ్లకి తైలం రాసుకోనిదే మెట్లు దిగలేను. వాడి మోకాళ్లకి ఏం కాలేదు. ఇప్పటికీ వాడు మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడే టీ నోట్లో పోసుకుంటాను. లేకపోతే గొంతు దిగదు.

ఇక మీ ప్రశ్న. రోడ్ బైకే వేగం, సందేహం లేదు. డబ్బులుంటే అదే కొనుక్కోండి. నాకంటే బాగా ఎవరికి తెలుసు? నేను ఓడిపోయింది దాని మీద కూర్చునే.